నిద్ర పట్టని ద్రాక్షతీగ

కూచిపూడి పెరట్లో ఆషాఢంలో ఓ బీరగింజ నాటితే వినాయక చవితి నాటికి కూరకి కాయ తెగుతుంది. పందిరి మీదికి పాకుతూనే పూస్తుంది, పూస్తూనే కాస్తుంది. దానికి దాపరికం లేదు. అదే పందిరికి మరో గుంజ మీదుగా ఎక్కించిన ద్రాక్షతీగ కథ వేరు. కడియం నర్సరీ మొక్క తెచ్చి నాటి మూడేళ్లయి ఉంటుంది. అరచేతుల్లాంటి ఆకులు పందిరంతా కమ్మేసి ఉంటాయి. కింద మడతమంచం వేసుకుంటే మిట్టమధ్యాహ్నం కూడా ఎండ పొడ తగలదు. గుత్తి మాత్రం ఒక్కటీ ఉండదు.

"ఇది మగ తీగేమో పిన్నిగారూ, కొట్టించెయ్యండి" అంటారు పక్కింటివాళ్లు.

సలహా మరీ గాలిలోంచి పుట్టింది కాదు. బొప్పాయిలో మగ చెట్టు కాయదని అందరికీ తెలుసు. అడవి ద్రాక్షలోనూ ఆడ తీగలు, మగ తీగలు వేరువేరుగానే ఉంటాయి. కానీ మనిషి వేల ఏళ్లుగా ఏరి ఏరి పెంచుకొచ్చిన తోట ద్రాక్షల్లో దాదాపు అన్నిటికీ ఒకే పువ్వులో కేసరాలూ, అండాశయమూ రెండూ ఉంటాయి. తేనెటీగ కూడా రానక్కర్లేదు. కాబట్టి పెరట్లో తీగ మగది కాదు, గొడ్డుదీ కాదు. దానికి నిద్ర లేదు. మూడేళ్లుగా కన్ను మూయకుండా పెరుగుతూనే ఉంది.

చలికాలం ఎరిగిన మొక్క

ద్రాక్ష పుట్టిల్లు నల్లసముద్రానికీ కాస్పియన్ సముద్రానికీ నడుమనున్న కొండ ప్రాంతాలు. అక్కడ శరదృతువు రాగానే ఆకులు రాలుతాయి, కొమ్మలు ముదిరి కట్టె రంగుకి తిరుగుతాయి, మంచు కురిసే నెలల్లో తీగ ఎండుపుల్లలా పడి ఉంటుంది. పైకి అలా కనబడుతున్నా లోపల ఓ లెక్క నడుస్తుంటుంది. సుమారు 7 డిగ్రీల లోపు చలిలో ఎన్ని గంటలు గడిచాయో మొగ్గలు కూడబెట్టుకుంటాయి. రకాన్ని బట్టి వంద నుంచి నాలుగు వందల గంటల చలి తగిలాక నిద్రను పట్టి ఉంచే రసాయనాలు తగ్గిపోతాయి. వసంతంలో వెచ్చదనం తగలగానే తీగ మీది కన్నులన్నీ ఒక్కపెట్టున విచ్చుకుంటాయి.

మరి కృష్ణా డెల్టాలో? సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున భోగిమంట దగ్గర ఒళ్లు కాచుకునేవాళ్లకి చలిగానే అనిపిస్తుంది గానీ, ఉష్ణమాపకం 18, 19 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ద్రాక్ష లెక్కలో అది చలి కిందికి రాదు. తీగకి ఎప్పుడు పడుకోవాలో తెలియదు, పడుకోలేదు గనక ఎప్పుడు లేవాలో అంతకన్నా తెలియదు. కొసన ఉన్న మొగ్గ ఒక్కటే ముందుకు సాగుతూ పోతుంది. అది పైనుంచి పంపే హార్మోను కింది కన్నులను అణచి ఉంచుతుంది. పెత్తనమంతా పెద్దవాడిదే అయిన ఉమ్మడి కుటుంబం లాంటి వ్యవహారం.

గాజు గదిలో కిటికీలు తెరిచేది ఎందుకు

ఈ విషయం ఇంగ్లండ్‌లో గాజు గదులు కట్టి ద్రాక్ష పెంచేవాళ్లని చూస్తే ఇంకా బాగా బోధపడుతుంది. ఇంటికి ఆనించి గాజు గోడలతో కట్టే గదిని అక్కడ కన్సర్వేటరీ అంటారు. 1845లో అక్కడి ప్రభుత్వం గాజు మీద పన్ను ఎత్తేశాక మధ్యతరగతి ఇళ్లకీ ఈ ముచ్చట పాకింది. ఇవాళ ఆ దేశంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అదే గదిలో కరివేపాకు కుండీని డిసెంబరు గండం గట్టెక్కిస్తుంటాయి.

లండన్ శివార్లలోని హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో ఒక ద్రాక్షతీగ ఉంది. ప్రసిద్ధ ఉద్యాన శిల్పి లాన్సెలాట్ బ్రౌన్ 1768లో నాటించిన తీగ అది. రకం పేరు బ్లాక్ హాంబర్గ్. రెండున్నర శతాబ్దాలు దాటినా ఇంకా కాస్తోంది. ఏటా సగటున 270 కిలోలు, 2001లోనైతే ఏకంగా 383 కిలోల పండు దిగింది. ఆ గాజు గది పక్కన ఓ పెద్ద మడి ఉంటుంది. అందులో గడ్డిపోచ కూడా మొలవనివ్వరు. ఖాళీగా కనిపించే ఆ నేల కింద తీగ వేళ్లు పరుచుకుని ఉంటాయి, వాటికి పోటీ ఉండకూడదని ఆ కాపలా.

అసలు విడ్డూరం వేరే ఉంది. చలి నుంచి కాపాడటానికే గాజు గది కట్టిన ఆ తోటమాలులు, ఆకు రాలాక కిటికీలన్నీ బార్లా తెరిచేస్తారు. చలిగాలి లోపలికి రానిస్తారు. వెచ్చగా మూసి ఉంచిన గదిలో తీగ నిద్రపోదని, నిద్రపోని తీగ మరుసటి ఏడు సరిగా చిగురించదని వాళ్లకి అనుభవం. చలికాలంలో హీటరు పెట్టుకుని కూర్చునే గదిలో ద్రాక్ష పెంచబోయి విసిగిపోయినవాళ్లు అక్కడా ఉన్నారు. కూచిపూడి పెరడు ఏడాది పొడవునా హీటరు వెలిగే గదే, కిటికీ తెరిచినా చలి రాదు.

తెర మీద జడ

నిద్ర లేకపోతే కాపు ఎందుకు పోవాలి? దీనికి జవాబు తీగ కణుపు దగ్గర ఉంది.

ఒక ముదురు కొమ్మ తీసుకుని ఆకు కాడ మొదట్లో చూస్తే శనగగింజంత ఉబ్బు కనిపిస్తుంది. రైతులు దాన్ని కన్ను అంటారు. బ్లేడుతో నిలువుగా చీల్చి భూతద్దం కింద పెడితే గోధుమరంగు పొలుసులు, వాటి లోపల నూగు, ఆ నూగులో ఒదిగి ఒకటి కాదు మూడు పచ్చటి మొగ్గలు. నడిమిది పెద్దది, కాపు భారమంతా దాని మీదే. దానికి ఏ దెబ్బైనా తగిలితే పక్కవి లేస్తాయి గానీ, వాటికి ఆకు ఎక్కువ, పండు తక్కువ.

ఈ నడిమి మొగ్గలో, ఇంకా విచ్చుకోకముందే, వచ్చే కాపు తాలూకు గుత్తులు సూక్ష్మరూపంలో తయారై ఉంటాయి. బీరపాదు ఏ రోజు పువ్వు ఆ రోజు ఆలోచిస్తుంది. ద్రాక్ష నెలల ముందే నిర్ణయించుకుంటుంది. భామాకలాపంలో సత్యభామ రంగం మీదికి రాకముందే తెర మీదుగా జడ వేసి చూపించడం కూచిపూడి వాళ్లకి కొత్త కాదు. తెర వెనక అలంకారం పూర్తయ్యాకే ఆ జడ బయటపడుతుంది. ద్రాక్ష కన్ను ఉబ్బు ఆ జడ లాంటిదే. లోపల సింగారం జరిగిందా లేదా అన్నది అప్పటికే తేలిపోయి ఉంటుంది.

ఆ సింగారంలో ఒక మలుపు ఉంది. మొగ్గ లోపల మొదట పుట్టే చిన్న ముద్దకి తానేమవుతానో తెలియదు. అది పూలగుత్తి కావచ్చు, లేదా నులితీగ కావచ్చు. అవును, పందిరి కర్రని చుట్టుకునే ఆ మెలికల నులితీగా, నోరూరించే గుత్తీ పుట్టుకలో ఒకటే. రెండూ కొమ్మ మీద ఆకుకి ఎదురుగా ఒకే చోట వస్తాయి. తీరిగ్గా వెతికితే సగం మెలిక తిరిగి, సగం నాలుగైదు పిందెలు పట్టిన ఎటూ కాని తీగ ఒకటి దొరకవచ్చు. నిర్ణయం మధ్యలో ఆగిపోయిన గుర్తు అది.

ఆ ముద్ద గుత్తి అవ్వాలంటే మొగ్గ ఏర్పడే రోజుల్లో మంచి ఎండ కావాలి, ఆకులు వండిన పిండిపదార్థం కొమ్మలో నిలవ ఉండాలి. నీడపట్టున ఉంటే, లేదా కొసమొగ్గ ఆగకుండా పరిగెడుతూ వండినదంతా తినేస్తుంటే, ముద్ద నులితీగ వైపు మొగ్గుతుంది. మంచం మీద ఎండ పడకుండా కాచిన ఆ దట్టమైన పందిరే తన మొగ్గల మీదా ఎండ పడనివ్వలేదు. దానికి తోడు డెల్టా ఒండ్రు, కాల్వ నీళ్లు, ఏటా తీగ మొదట్లో వేసిన పశువుల ఎరువు. మూడేళ్లుగా ఆ ఇంట్లో గుత్తులు కావలసినవన్నీ నులితీగలై పందిరి కర్రలను పట్టుకుని ఉన్నాయి.

పెట్టెలో కథ: వరి చేలో దొరికిన హార్మోను

*మొగ్గను నులితీగ వైపు నెట్టే ప్రధాన హార్మోను పేరు జిబ్బరెలిన్. దాని ఆచూకీ దొరికింది ద్రాక్షతోటలో కాదు, వరి మడిలో. కొన్ని వరి మొక్కలు పాలిపోయి పిచ్చిగా పొడుగు సాగి, గింజ పట్టకుండానే పడిపోయే తెగులును జపాన్ రైతులు తెలివితక్కువ నారు అనేవారు. ఆ పొడవుకి కారణం ఒక శిలీంధ్రం స్రవించే పదార్థమని 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. శిలీంధ్రం పేరు జిబ్బరెల్లా, దాని మీదే హార్మోనుకి పేరు వచ్చింది.*

*2002లో ఆస్ట్రేలియాకి చెందిన పాల్ బాస్, మార్క్ థామస్ అనే ఇద్దరు ఒక వింత ద్రాక్షను నేచర్ పత్రికలో వర్ణించారు. జిబ్బరెలిన్ మాట చెవికెక్కని జన్యులోపం ఉన్న మొక్క అది. పొట్టిగా ఉంది, నులితీగలు రావలసిన ప్రతి చోటా గుత్తి వేసింది.*

*బజారులో దొరికే గింజలేని ద్రాక్ష అంత లావు ఉండటానికీ జిబ్బరెలినే కారణం. పిందె దశలో గుత్తుల మీద చల్లితే కాయ సాగుతుంది. మొగ్గలో ఉన్నప్పుడు గుత్తిని మింగేదీ, గుత్తి పట్టాక కాయను పెంచేదీ ఒకటే మందు. ఎప్పుడు తగిలిందన్నదే తేడా.*

హైదరాబాదు నేర్పిన ఉపాయం

చలి లేని దేశంలో ద్రాక్ష ఎలా కాయించాలో తెలుగువాళ్లకి మొదట బాగా చూపించింది హైదరాబాదు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన తెచ్చి నాటించిన రకం అనాబ్-ఎ-షాహీగా స్థిరపడింది. రాజుగారి ద్రాక్ష అని అర్థం. గింజ ఉంటుంది, కాయ కోలగా పెద్దగా, లేత తేనెరంగులో ఉంటుంది. నగరం చుట్టూ రాతి కూసాల మీద ఇనపతీగ పందిళ్లు వేసి దశాబ్దాల పాటు దాన్ని పండించారు. తర్వాత గింజలేని థాంప్సన్ వచ్చింది, ఆ తర్వాత భూముల ధరలు వచ్చాయి. తోటలు చాలావరకు ప్లాట్లయ్యాయి. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆ రైతుల ఉపాయం కత్తెర. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒకే కాపు తీస్తారు.

మొదటిది వేసవి కత్తిరింపు, కోత అయ్యాక, ఏప్రిల్‌లో. పండిన కొమ్మలను ఒకటి రెండు కన్నులు మాత్రం ఉంచి మొదలంటా కోసేస్తారు. చూసేవాళ్లకి గుండె తరుక్కుపోయే కోత. దీన్నుంచి వచ్చే కొత్త కొమ్మల మీద పండు ఆశించరు. వాటి పని మొగ్గలను తయారు చేయడం. కోసిన నెల తర్వాత నుంచి రెండు నెలల లోపు ఆ మొగ్గల్లో గుత్తా, నులితీగా అన్నది తేలుతుంది. మే నెల ఎండ ఇందుకు అక్కరకొస్తుంది. మే, జూన్ మొదటి వారాల వెలుతురు మొగ్గల మీద పడాలంటే ఏప్రిల్‌లోనే కోయాలి. మనసొప్పక జూన్ దాకా ఆగినవాళ్ల తీగకి మొగ్గ కట్టే కాలం కాస్తా మబ్బుల్లో, ముసురులో గడిచిపోతుంది. కొమ్మలు కిక్కిరిసి ఉంటే కొన్ని తీసెయ్యడం, మరీ సాగేవాటి కొసలు గిల్లడం కూడా ఈ రోజుల్లోనే.

రెండోది అక్టోబరులో వచ్చే శీతాకాలపు కత్తిరింపు. అప్పటికి ముదిరిన కొమ్మలను కాపు కన్నుల దగ్గర కోస్తారు. ఎన్ని కన్నులు వదలాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. థాంప్సన్‌లో అడుగు కన్నులకి గుత్తులు ఉండవు కాబట్టి కొమ్మ పొడవుగా వదలాలి. ఆ సంగతి తెలియక చక్కగా పొట్టిగా కోసినవాళ్లు కాపునంతా కత్తిరించి కుప్పలో పోసినట్టే. మహారాష్ట్రలో చాలామంది రైతులు ఈ కోతకి ముందు కొన్ని కొమ్మలను ప్రయోగశాలకి పంపి, కన్నులు చీల్పించి, ఎన్నో కణుపు నుంచి గుత్తి ఉందో చూపించుకుంటారు.

ఈ రెండో కోతే తీగకి శీతాకాలం. కోయడానికి పది పదిహేను రోజుల ముందు నీళ్లు ఆపుతారు, ఆకులు చేత్తో దూసేస్తారు. కొసమొగ్గ పెత్తనం పోయింది, ఆకు లేదు, తడి లేదు. తీగకి ఓ కునుకు పట్టినట్టవుతుంది. తర్వాత నీళ్లు పెడితే రెండు వారాల్లో కన్నులు విచ్చుతాయి. తోటల్లో అన్నీ ఒకేసారి లేవాలని హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు గానీ అది ఒంటికి తగిలితే ప్రమాదం. పిల్లలు తిరిగే పెరట్లో దాని ఊసు వద్దు.

నేలలో తడి ఉండగా కోస్తే మాత్రం కోసిన చోటి నుంచి రోజుల తరబడి చుక్క చుక్కగా నీరు కారుతుంది. వేళ్లు పైకి తోసే నీరు అది. తీగ ఏడుస్తోందని ఇంట్లో పెద్దవాళ్లు కంగారు పడతారు. అందులో ఉన్నది దాదాపు నీళ్లే, తీగకి ప్రాణగండం ఏమీ లేదు.

అక్టోబరు హైదరాబాదులో వేరు, ఇక్కడ వేరు

ఈ ఉపాయాన్ని ఉన్నదున్నట్టు డెల్టాకి తెచ్చుకుంటే ఓ చిక్కుంది. దక్కను పీఠభూమి మీద అక్టోబరు తర్వాత ఆకాశం తేటపడుతుంది. కృష్ణా జిల్లాలో అప్పుడే తుపానుల రుతువు మొదలవుతుంది. నవంబరంటే 1977 దివిసీమ ఉప్పెన గుర్తొచ్చే నెల. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ ఏడు అక్టోబరులో కోసిన తీగ ఏదైనా ఉంటే, సరిగ్గా పిందెల మీద ఉండగా దాని మీద ఆ వాన కురిసి ఉంటుంది.

ద్రాక్షకి వానతో వచ్చే శత్రువు బూజు తెగులు. ఆకు పైన నూనె మరకలాంటి పసుపు మచ్చ, తిప్పి చూస్తే అదే చోట తెల్లటి బూజు. దీన్ని కలిగించే జీవి నీళ్లలో ఈదుతుంది. ఆకు మీద పలచటి నీటిపొర కొన్ని గంటలు నిలిస్తే చాలు, దాని బీజాలు తోకలాడిస్తూ ఈదుకుంటూ పోయి ఆకు అడుగున ఊపిరి తీసుకునే రంధ్రాల్లోంచి లోపలికి దూరతాయి. ఆకు తడవకపోతే వాటికి దారి లేదు. సాయంత్రం పూట పైపుతో ఆకులన్నీ కడిగేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈ తెగులు అమెరికా నుంచి యూరప్ చేరి ఫ్రాన్స్ తోటలను పాడుచేస్తున్న రోజుల్లో, బోర్డో ప్రాంతంలో కొందరు రైతులు బాటసారులు కాయలు తెంపకుండా రోడ్డువార తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపిన నీలిరంగు నీళ్లు చల్లేవారు. ఆ తీగల ఆకులే నిలిచి ఉండటం మిలార్డె అనే వృక్షశాస్త్రవేత్త కంట పడింది. 1885లో ఆయన దాన్ని మందుగా ప్రకటించాడు. దొంగల కోసం కలిపింది తెగులుకి పనికొచ్చింది. మన తమలపాకు తోటల్లోనూ, నిమ్మ తోటల్లోనూ వాడే బోర్డో మిశ్రమం అదే. పెరటికైతే ప్లాస్టిక్ బకెట్లో పది లీటర్ల నీళ్లకి వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం. రెండూ విడివిడిగా కరిగించి కలపాలి. మెరిసే ఇనప చాకు ముంచి తీస్తే దాని మీద రాగి రంగు పూత పట్టకూడదు. పడితే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త పోయాలి.

పైకప్పు చాలు, గోడలు వద్దు

ఇంగ్లండ్ ఫోటోలు చూసి మేడ మీద గాజు గది కట్టించుకోవాలనే ఉత్సాహం ఉన్నవాళ్లకి ఓ పరీక్ష. మే నెలలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అద్దాలు బిగించి ఎండలో ఆపిన కారు తలుపు గంట తర్వాత తీసి చూడాలి. గాజు వెలుతురును లోపలికి రానిస్తుంది, వేడెక్కిన గాలిని బయటికి పోనివ్వదు. 35 డిగ్రీలు దాటాక ద్రాక్షాకు వంట మందగిస్తుంది. 45 దగ్గర ఆగిపోయినట్టే.

ఇక్కడి తీగకి కావలసిన కన్సర్వేటరీ కూచిపూడి పందిరే. పైన ఎండకి చివకని పారదర్శక ప్లాస్టిక్ షీటు వాలుగా కప్పి, నాలుగు పక్కలా గాలికి వదిలెయ్యాలి. ఇంగ్లండ్‌లో గాజు కప్పు వేడి కోసం, ఇక్కడ ప్లాస్టిక్ కప్పు ఆకు తడవకుండా ఉండటం కోసం. జపాన్‌లో ఒకాయామా ప్రాంతం వాళ్లు పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే ద్రాక్షను గాజు కింద పెట్టారు. అక్కడి వానల నుంచి కాపాడుకోవడం కూడా అందులో పెద్ద లాభం. మన నాసిక్, సాంగ్లీ రైతులూ ఇప్పుడు ప్లాస్టిక్ కప్పులవైపు చూస్తున్నారు.

వేళ్ల సంగతి కూడా ఉంది. డెల్టా నల్లమట్టి వరికి ఎంత ముద్దో, ద్రాక్షకి అంత ఊపిరాడని చోటు. కాల్వలు నిండిన రోజుల్లో తవ్వితే గునపం లోతునే తడి తగులుతుంది. అందుకని రెండడుగుల ఎత్తున ఇసుక, మట్టి, చివికిన ఎరువు కలిపి దిబ్బ వేసి దాని మీద నాటడం మేలు. లేదంటే అడుగున చిల్లులున్న పెద్ద సిమెంటు తొట్టి. తొట్టిలో వేళ్లకి హద్దు ఉంటుంది కాబట్టి తీగ పిచ్చిగా సాగదు, అది కాపుకి మంచిదే. ఉప్పు నీటి పోటున్న దిగువ ఊళ్లలో డాగ్‌రిడ్జ్ అనే టెక్సాస్ జాతి వేరు మీద అంటుకట్టిన మొక్క అడిగి తెచ్చుకోవాలి.

రకం విషయంలో పంతం వద్దు. పొరుగు కర్ణాటకలో ఏళ్లుగా పండే బెంగళూరు బ్లూ అమెరికా ద్రాక్ష రక్తం ఉన్నది, బూజు తెగులును తట్టుకోలేదు గానీ అడుగు కన్నుల్లోనూ కాస్తుంది. పొట్టిగా కోసినా శిక్షించదు. తోలు మందం, గింజ ఉంటుంది, రసానికి బ్రహ్మాండం. రాత్రిళ్లు ఉక్కగా ఉంటే నల్ల ద్రాక్షకి రంగు సరిగా పట్టదు. ఒకే గుత్తిలో నాలుగు నల్లవి, మూడు ఎర్రవి, రెండు పచ్చివి కనబడితే తెగులనుకుని మందు కొట్టక్కర్లేదు.

అందిన ద్రాక్షా పుల్లనే

అన్నీ కుదిరి గుత్తులు దిగాక ఆఖరి పొరపాటు ఒకటి మిగిలి ఉంటుంది. కాయ మెత్తబడి నిగనిగలాడగానే కోసి, పుల్లగా ఉందని బియ్యం డబ్బాలో పెట్టడం. నూజివీడు మామిడి గడ్డిలో మాగుతుంది, అరటి గెల పొగలో పండుతుంది. చెట్టు నుంచి తెచ్చుకున్న పిండిని కోశాక కూడా చక్కెరగా మార్చుకునే శక్తి వాటికి ఉంది. ద్రాక్ష దగ్గర అలాంటి మూట లేదు. దాని తీపంతా ఆకుల్లో తయారై గంట గంటకీ కాడ గుండా రావలసిందే. కాడ తెగిన క్షణాన ఆ సరఫరా ఆగిపోతుంది. ఆ తర్వాత కాయ వడలుతుందే గానీ తియ్యబడదు.

పులుపు తగ్గడం కూడా తీగ మీదే జరగాలి. పిందెలో పేరుకున్న ఆమ్లాన్ని పండేటప్పుడు కాయే వేడికి ఖర్చు చేసుకుంటుంది. ఆ వేడి మాత్రం డెల్టాలో దండిగా ఉంది.

గుత్తి పైభాగాన భుజాల దగ్గర కాయలు ముందు తియ్యబడతాయి, కొసన వేలాడేవి ఆఖరున. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పైనుంచి కాకుండా అట్టడుగు కాయ ఒకటి తుంచి నోట్లో వేసుకుంటారు. అది తియ్యగా ఉంటే కత్తెర తీస్తారు. ఇంకా పళ్లు పులిస్తే మరో నాలుగు రోజులు ఆగుతారు. ఆ నాలుగు రోజులూ పందిరి చుట్టూ వల కట్టి ఉంచాలి, రామచిలకలు అడుగు కాయ రుచి చూసేదాకా ఆగవు.